పెద్ద చెరువు ఒడ్డున 44 ఏళ్లు: భోపాల్ ఖుద్సియా బేగం

ఇజ్తిమా కోసం భోపాల్ వెళ్లొచ్చిన వాళ్లను కదిలిస్తే ముందు తాజుల్ మసాజిద్ గురించి చెబుతారు, ఆ తర్వాత పెద్ద చెరువు గురించి. అక్కడి వాళ్లు దాన్ని బడా తాలాబ్ అంటారు. దాని ఒడ్డునే, పాత బస్తీ మొదట్లో గౌహర్ మహల్ అని ఒక పాత భవనం ఉంది. 1820లో కట్టించారు. ఎదురుగా నీళ్లు, వెనకాల ఊరు. ఎండాకాలం సాయంత్రం ఆ ఒడ్డున నిలబడితే అక్కడే ఎందుకు కట్టించుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ మహల్ యజమానురాలు గౌహర్ బేగం. లోకానికి ఖుద్సియా బేగం అనే పేరుతో తెలుసు. 18 ఏళ్లు భోపాల్ హుకూమత్ నడిపారు. 1837లో, సుమారు 37 ఏళ్ల వయసులో, అది ఆమె చేతిలోంచి పోయింది. ఆ తర్వాత ఇంకో 44 ఏళ్లు బతికారు. చరిత్ర పుస్తకాలు మొదటి 18 ఏళ్ల గురించే ఎక్కువ రాస్తాయి. భోపాల్ జనం మాత్రం ఎక్కువగా తలచుకోవలసింది రెండో భాగాన్నే.

చెరువు నవాబులది కాదు, వాళ్లకంటే చాలా పాతది. 11వ శతాబ్దంలో రాజా భోజ్ కోలాన్స్ నదికి అడ్డంగా మట్టి కట్ట వేయించి దాన్ని తవ్వించాడని చెబుతారు. 18వ శతాబ్దం మొదట్లో దోస్త్ ముహమ్మద్ ఖాన్ అనే అఫ్గాన్ సిపాయి వచ్చి అక్కడ రాజ్యం నిలబెట్టుకున్నాడు. మన హైదరాబాద్‌కూ ఆ రాజ్యానికీ మొదట్లోనే లెక్కలు ఉన్నాయి. మొదటి నిజాం ముందు దోస్త్ ముహమ్మద్ తలవంచి, కొడుకు యార్ ముహమ్మద్‌ను జామీనుగా పంపాల్సి వచ్చింది. తండ్రి చనిపోయాక ఆ కొడుకును నిజామే ఫౌజు ఇచ్చి భోపాల్ గద్దె మీద కూర్చోబెట్టాడు.

గౌహర్ బేగం పుట్టేనాటికి ఆ వైభవం చాలావరకు పోయింది. తండ్రి గౌస్ ముహమ్మద్ ఖాన్ పేరుకే నవాబు, పని అంతా వజీర్ ముహమ్మద్ ఖాన్‌ది. 1812లో గ్వాలియర్, నాగ్‌పూర్ సైన్యాలు కలిసి ఊరిని నెలల తరబడి ముట్టడించినప్పుడు ఆమె చిన్నపిల్ల. తిండి లేక జనం అల్లాడిన రోజులవి. తర్వాత వజీర్ కొడుకు నజర్ ముహమ్మద్ ఖాన్‌తో ఆమె నికాహ్ జరిగింది. 1818లో నజర్ ముహమ్మద్ ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. ఇక కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు అనుకుంటుండగా 1819 నవంబర్‌లో ఇస్లాంనగర్‌లో తుపాకీ పేలింది. పేల్చింది శత్రువు కాదు, గౌహర్ బేగం సొంత తమ్ముడు ఫౌజ్‌దార్ ముహమ్మద్ ఖాన్. అప్పటికి ఎనిమిదేళ్ల పిల్లాడు. ఆటలో జరిగిన ప్రమాదం అన్నారు. నజర్ ముహమ్మద్ అక్కడే చనిపోయాడు.

20 ఏళ్లు కూడా నిండని భార్య, ఇంకా సరిగ్గా మాటలు రాని కూతురు సికందర్. ఖాన్‌దాన్‌లో గద్దె కోసం చూసే మగవాళ్లకు కొదవ లేదు. అయినా గౌహర్ బేగం పర్దా వదిలి పెద్దలందరి ముందుకు వచ్చారు. గద్దె కూతురిదని, అది పెద్దదయ్యేదాకా బాధ్యత తనదని ఒప్పించుకున్నారు. సికందర్‌ను ఎవరు నికాహ్ చేసుకుంటే అతనే నవాబు అవుతాడనేది ఆ ఒప్పందంలోని షరతు. సరిగ్గా ఆ షరతే తర్వాత ఆమె మెడకు చుట్టుకుంది.

ఆమె దర్బారులో క్రైస్తవుడైన షహ్‌జాద్ మసీహ్, హిందువైన రాజా ఖుష్‌వక్త్ రాయ్ ముఖ్యులు. గుర్రపు స్వారీ, ఆయుధాలు నేర్చుకున్నారు. పాలన బాగానే సాగింది. పెళ్లి సంగతి మాత్రం ముందుకు కదలలేదు. మొదట నిశ్చయమైన మునీర్ ముహమ్మద్ ఖాన్ తొందరపడి తిరగబడ్డాడు, సంబంధం అతని తమ్ముడు జహాంగీర్‌కు మారింది. జహాంగీర్ కూడా ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. చివరికి 1835లో నికాహ్ జరిగింది. అప్పుడూ అధికారం అప్పగించడానికి బేగం సిద్ధంగా లేరు. ఇక్కడ ఆమెను వెనకేసుకురావడం కష్టం. షరతు ఒప్పుకున్నది తనే, మాట నిలబెట్టుకోలేకపోయిందీ తనే. ఆ అల్లుడు ఎలాంటివాడో చూశాక ఆమె భయం ఉత్తది కాదని కూడా ఒప్పుకోవాలి.

1837లో అత్తా అల్లుళ్ల మధ్య లడాయి ఆష్టా దాకా వెళ్లింది. ఇంగ్లీషువాళ్లు మధ్యలో దూరి జహాంగీర్‌ను నవాబుగా నిలబెట్టారు. బేగంకు జాగీరు ఇచ్చి పక్కకు తప్పుకోమన్నారు. అంటే ఇది తస్బీహ్ చేతపట్టుకుని సంతోషంగా ఎంచుకున్న విశ్రాంతి కాదు. దించేస్తే దిగారు, అంతే.

ఆ వెంటనే చెరువు ఒడ్డు కూడా దొరకలేదు. జహాంగీర్ గర్భంతో ఉన్న భార్య మీద కత్తి దూశాడు. గాయపడిన సికందర్‌ను తీసుకుని తల్లి ఇస్లాంనగర్ కోటకు వెళ్లిపోయారు. భర్త చనిపోయిన చోటికే కూతురిని బతికించుకోవడానికి రావాల్సి వచ్చింది. 1838 జూలైలో మనవరాలు షాజహాన్ అక్కడే పుట్టింది. ఆరేళ్లకు పైగా ముగ్గురూ అక్కడే ఉండిపోయారు.

1844 చివర్లో జహాంగీర్ చనిపోయాడు. ఆరేళ్ల షాజహాన్ పేరు మీద గద్దె, రీజెంట్‌గా ఫౌజ్‌దార్ ముహమ్మద్ ఖాన్. అవును, ఆ రోజు తుపాకీ పేల్చిన పిల్లాడే. (గాలిబ్ అభిమానులకు ఈ పేరు ఇంకోలా తెలిసి ఉండవచ్చు. 1821 నాటి గాలిబ్ దీవాన్ రాతప్రతి దొరికింది ఈయన గ్రంథాలయానికి చెందిన పుస్తకాల్లోనే. 1921లో నుస్ఖా-ఎ-హమీదియా పేరుతో అచ్చయింది అదే.) 1847లో సికందర్ బేగం రీజెన్సీ చేపట్టారు, 1860లో స్వయంగా పాలకురాలయ్యారు. కూతురు రీజెన్సీ చేపట్టేనాటికి ఖుద్సియా బేగం వయసు నలభైల్లోనే ఉంది. అనుభవం ఉంది, జాగీరు ఉంది, పేరు ఉంది. అయినా మళ్లీ కుర్చీ వైపు రాలేదు. పదేళ్ల కింద అల్లుడికి అంగుళం వదలని మనిషి, కూతురికి మొత్తం వదిలేశారు.

చెరువు ఒడ్డు జీవితం అప్పుడు మొదలైంది. ఆడంబరం లేదు. సాదా బట్టలు, నమాజు, దానధర్మాలు. అలాగని మూల కూర్చోలేదు. చౌక్‌లోని జామా మసీదు పని ఆమె పాలనలో ఉండగా 1832లో మొదలైంది. ఎర్ర రాయి, ఎత్తైన మినార్లు. గద్దె పోయినా పని ఆగలేదు, 1857లో పూర్తయింది. హిందుస్తాన్ అంతా తగలబడుతున్న సంవత్సరమది.

1863 చివర్లో తల్లీకూతుళ్లు వందల మందితో హజ్‌కు బయలుదేరారు. బొంబాయిలో ఓడ ఎక్కి 1864 జనవరిలో జిద్దా చేరారు. హిందుస్తాన్ పాలకుల్లో హజ్ చేసిన మొదటి వ్యక్తి సికందర్ బేగం అని చెబుతారు. ఆ ప్రయాణం గురించి ఆమె పుస్తకం కూడా రాశారు. కూతురు ప్రతి పైసాకు లెక్క చూసే మనిషి. తల్లి అడిగిన వాళ్లకు లేదనని మనిషి. మక్కాలో ఖుద్సియా బేగం బయటికి వస్తే చాలు, చేతులు చాచేవాళ్లు గుంపుగా చుట్టుముట్టేవాళ్లు, దాంతో కూతురికి తలనొప్పి. దారిలో దోపిడీల భయం వల్ల మదీనా వెళ్లకుండానే తిరిగి వచ్చారు. మన హాజీలకు నిజాం రుబాత్ తెలిసినట్టే భోపాల్ హాజీలకు తమ రుబాత్ ఉంది. ఆ సంప్రదాయం ఈ బేగంల కాలం నాటిదే.

1868 అక్టోబర్‌లో సికందర్ బేగం చనిపోయారు. తల్లి ఇంకా ఉన్నారు. తుపాకీ నుంచి, కత్తి నుంచి కాపాడుకున్న ఒక్కగానొక్క కూతురు. ఆమె పోయాక తల్లి ఇంకో 13 ఏళ్లు బతికారు. మనవరాలు షాజహాన్ బేగం పాలకురాలైంది. 1871లో ఆమె ఆలిమ్ సిద్దీఖ్ హసన్ ఖాన్‌ను రెండో నికాహ్ చేసుకోవడం నానీకి నచ్చలేదు. రెండు ఇళ్ల మధ్య రాకపోకలు చల్లబడ్డాయి. ఒకే ఊరు, ఒకే ఖాన్‌దాన్, మధ్యలో ఎవరూ దాటని దూరం. ఇలాంటిది చాలా ఇళ్లలో ఉంటుంది. నవాబుల ఇంట్లో ఉంటే చరిత్రకు ఎక్కుతుంది.

ఆ చివరి ఏళ్లలోనే బేగం తన జీవితంలో అతి పెద్ద పని చేపట్టారు. రోజూ కళ్ల ముందు కనిపించే చెరువు. దాని పక్కనే ఉన్న ఊళ్లో మంచినీళ్లు మోసుకోవాల్సిందే. భిస్తీలకు డబ్బిచ్చే స్తోమత ఉన్నవాళ్లకు ఫరవాలేదు, లేనివాళ్ల ఇళ్లలో ఆడవాళ్లే కడవలతో నడవాలి. ఇంగ్లీషు ఇంజినీరును పెట్టి, యంత్రాలతో చెరువు నీళ్లు పైకి తోడించి, గొట్టాల ద్వారా ఊళ్లోకి తెప్పించారు. ఖర్చు తన సొమ్ము. నీళ్లకు పన్ను లేదు.

ఇందులో గమనించాల్సింది ఇంకొకటుంది. యంత్రం పెట్టడం ఒక్కసారి అయ్యే ఖర్చు. బొగ్గు, మరమ్మతు, పనివాళ్ల జీతాలు మాత్రం ప్రతి నెలా వచ్చేవి. ప్రారంభోత్సవం రోజు ఈ లెక్క ఎవరూ అడగరు, మూడో ఏడాది పంపు ఆగిపోయాక అడుగుతారు. ఖుద్సియా బేగం ఆ లెక్క ముందే వేసి, నిర్వహణ కోసం విడిగా సొమ్ము కేటాయించారు. తాను పోయాక కూడా జనం దగ్గర నీళ్లకు పైసా తీసుకోవద్దన్నది ఆమె ఉద్దేశం. ఆమెకు అప్పటికి 80 ఏళ్లకు దగ్గర. ఆ నీళ్లు తాను ఎన్నాళ్లు తాగుతారని ఆలోచించే వయసు కాదది. నేటికీ భోపాల్ తాగునీటిలో పెద్ద భాగం ఆ చెరువుదే.

భోపాల్ నుంచి ఇటార్సీకి రైలు మార్గం వేయడానికి రియాసత్ డబ్బు పెట్టినప్పుడు, మాటలు లేని మనవరాలితో పాటు ఆమె కూడా తన సొమ్ము కలిపారు. 1881 డిసెంబర్ 17న కన్నుమూశారు. అప్పటికి మునిమనవరాలు సుల్తాన్ జహాన్ పిల్లలను కూడా చూశారు, అంటే ఆమె కాక ఇంకో నాలుగు తరాలు. పట్టాల పని అప్పటికి ఇంకా పూర్తి కాలేదు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఇటార్సీ దాటి, నర్మద వంతెన ఎక్కి భోపాల్ చేరేది ఆ దారిలోనే.