పంట ఇంటికి తెచ్చుకున్న ఐలమ్మ

ఈ నెల గోడపత్రికకు వీరనారి గురించి రాయమంటే అందరూ ఝాన్సీ లక్ష్మీబాయి, రుద్రమదేవి అన్నారు. వాళ్ళు రాణులు. నేను చాకలి ఐలమ్మ గురించి రాస్తున్నాను. ఆమెకు కోట లేదు, గుర్రం లేదు. ఇల్లు, మొగుడు, పిల్లలు, కౌలు పొలం ఉన్నాయి. సెప్టెంబరు 10 ఆమె వర్ధంతి, 26 ఆమె జయంతి. అందుకే ఈ నెలలోనే రాయాలనుకున్నా.

ఐలమ్మ పుట్టింది వరంగల్లు వైపు రాయపర్తి దగ్గర కృష్ణాపురంలో. పాలకుర్తిలో చిట్యాల నర్సింహకు ఇచ్చి పెళ్ళి చేశారు. అప్పుడు అది నిజాం రాజ్యం. మన సీమలో కడప వైపు ఊర్లను నిజాం 1800లోనే ఇంగ్లీషు వాళ్ళకు ఇచ్చేశాడు, కాబట్టి మన పెద్దవాళ్ళకు నిజాం సంగతులు అంతగా తెలియవు. కానీ మా నల్లమలలో కృష్ణ దాటితే అవతల అమ్రాబాద్ అడవి నిజాందే. మా చెంచోళ్ళు రెండు పక్కలా ఉన్నారు.

ఆ రాజ్యంలో ఊర్లన్నీ దేశ్‌ముఖ్‌ల చేతిలో ఉండేవి. పాలకుర్తి దగ్గర విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి. అతనికి నలభై వేల ఎకరాల భూమి. ఒక మనిషికి నలభై వేల ఎకరాలు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అతని గడిలో అందరూ వెట్టి చెయ్యాలి. చాకలోళ్ళు బట్టలు ఉతకాలి, కుమ్మరోళ్ళు కుండలు ఇయ్యాలి, మాదిగోళ్ళు చెప్పులు కుట్టాలి. కూలి ఇయ్యరు. పోకపోతే కొడతారు.

ఐలమ్మ వాళ్ళు మల్లంపల్లి భూస్వామి దగ్గర నలభై ఎకరాలు కౌలుకు తీసుకున్నారు. అందులో నాలుగు ఎకరాలు సాగు చేసుకున్నారు. బట్టలు ఉతికే ఇంటోళ్ళు సేద్యం చేసి సొంతంగా గింజలు పండించుకోవడం దొరకు, పట్వారీకి నచ్చలేదు. పట్వారీ అంటే మన దిక్కు కరణం లాంటోడు. ఐలమ్మ ఇంటోళ్ళను తన పొలం పనికి ఊరికే రమ్మన్నాడు. ఐలమ్మ పోలేదు. అప్పటికే ఆంధ్ర మహాసభ వాళ్ళు ఊర్లలో సంఘం పెట్టినారు, ఆమె అందులో చేరింది.

నేను ఎక్కువగా ఆలోచించేది ఈ ముక్క గురించే. ఊరికే పనికి రాను అనడం చిన్న మాట కాదు. మా గూడెంలో ఒక రైతు దగ్గర మా అమ్మ రెండు వేలు అప్పు తీసుకుంది. మిరపకాయలు కోసే కాలం వస్తే ముందు ఆయన చేనికే పోవాలి. కూలి అప్పులో పట్టుకుంటాడు. ఎంత తీరిందో ఆయన పుస్తకంలో ఉంటుంది, అమ్మకు చదువు రాదు. పోనని అమ్మ ఎప్పుడూ అనలేదు. అంటే రేపు జ్వరమొస్తే డబ్బులు ఎవరిస్తారు? కాబట్టి ఐలమ్మకు భయం లేదని రాస్తే నేను నమ్మను. భయం ఉండే ఉంటుంది. వెనక సంఘం ఉంది కాబట్టి నిలబడగలిగింది.

దొర ఆ పొలమే తనదన్నాడు. కేసులు పెట్టించాడు. వరి కోతకు వచ్చినప్పుడు వందమంది గూండాలను, ఇంకో వందమంది జీతగాళ్ళను, ఆడోళ్ళను పంట కోసుకు రమ్మని పంపించాడు. సంఘం వాళ్ళు ఇరవై ఎనిమిది మందే. చేతుల్లో కర్రలు. లెక్క చూస్తే గెలవకూడదు. కానీ వాళ్ళు జయజయధ్వానాలు చేస్తూ మీద పడేసరికి గూండాలు పారిపోయినారు. సంఘం వాళ్ళే పంట కోసి, ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చినారు. మరుసటి రోజు పోలీసులు వచ్చినా ఆ గింజలు ముట్టుకోలేకపోయారు.

ఆ కోపం దొర ఊరికే పెట్టుకోలేదు. సంఘం నాయకులను పట్టించి విసునూరుకు తీసుకుపోయి హింసలు పెట్టించాడు. ఐలమ్మ మొగుణ్ణి, కొడుకులను జైలుకు పంపించాడు. ఇల్లు తగలబెట్టించాడు. ఆమె మాత్రం పొలం వదలలేదు. సంఘం వాళ్ళు వస్తే అన్నం పెట్టడం మానలేదు.

1946 జూలై 4న కడవెండిలో దొర మనుషులు తుపాకీ పేల్చితే దొడ్డి కొమురయ్య చనిపోయాడు. అప్పటి నుంచి పోరాటం పెద్దదైంది. 1948 సెప్టెంబరులో ఇండియా సైన్యం వచ్చి నిజాం రాజ్యం పోయింది, కానీ పోరాటం 1951 దాకా నడిచింది. మూడు వేల ఊర్లలో పది లక్షల ఎకరాలు పంచారని పుస్తకాల్లో ఉంది. ఆడోళ్ళు కూడా ఊరకుండలేదు. కారం పొడి, వడిసెల రాళ్ళు, రోకళ్ళు పట్టుకున్నారు. లంబాడోళ్ళు కూడా కొట్లాడినారు. వాళ్ళ జాటోత్ ఠాను నాయక్ ప్రాణమిచ్చాడు. మన హాస్టల్లో సుగాలి అక్కలు ఈ పేరు గుర్తు పెట్టుకోండి.

పోరాటం అయిపోయాక ఐలమ్మ ఇంకా ముప్పై నాలుగేండ్లు బతికింది. సంఘం నాయకుల్లో భీమిరెడ్డి నరసింహారెడ్డి గారు ఎం.పి. అయ్యారు. ఆరుట్ల కమలాదేవి గారు ఎమ్మెల్యే అయ్యారు. ఐలమ్మ పాలకుర్తి ముసలమ్మగానే ఉండిపోయింది. ఈ ముప్పై నాలుగేండ్ల గురించి పుస్తకాల్లో రెండు వాక్యాలే ఉంటాయి. నాకు అది బాగలేదు. పంట గెలిచిన మనిషి తర్వాత ఏం తిన్నదో, ఎవరు చూసుకున్నారో రాయాలి కదా! 1985 సెప్టెంబరు 10న జబ్బు చేసి చనిపోయింది.

హైదరాబాదులో కోఠిలో ఆడపిల్లల యూనివర్సిటీ ఉంది. ముందు అది ఇంగ్లీషు రెసిడెంటు దొర ఉండిన పెద్ద మేడ, తర్వాత మహిళా కళాశాల అయింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం దానికి చాకలి ఐలమ్మ పేరు పెడుతున్నట్టు ప్రకటించింది. పదో తరగతి, ఇంటర్ పాసైనాక అక్కడ చేరొచ్చా అని మేడమ్ గారిని అడగాలి.

- 9వ తరగతి విద్యార్థిని