కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు

ఉత్తరాంధ్రమందలి వీరఘట్టమున 1882వ సంవత్సరమున కోడి రామమూర్తి నాయుడుగారు జన్మించిరి. చిన్ననాడే తల్లిని గోల్పోయి, విజయనగరమున పినతండ్రిగారి యింట పెరిగి, వ్యాయామశాలలో కుస్తీ నభ్యసించిరి. చెన్నపురి సైదాపేటలో వ్యాయామశిక్షణ ముగించి, తాము చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయులైరి. పిదప సర్కసు నెలకొల్పి, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనియు, ఇనుపగొలుసులను తెంచియు దేశదేశముల మన్నన గాంచిరి. జనులాయనను కలియుగ భీముడని కొనియాడిరి.

అట్టి దేహమునకును వ్యాధి తప్పలేదు. తుదిదినములలో కాలికి రాచపుండు లేచి, ఆ కాలు తీసివేయవలసి వచ్చెను. మత్తుమందు గొనక ప్రాణాయామబలముననే శస్త్రచికిత్సను సహించిరని ప్రసిద్ధి. 1942వ సంవత్సరమున దివంగతులైరి.

ఆయన యోర్పు పూజ్యము. అయితే ఓర్పు వేఱు, ఉపేక్ష వేఱు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల కుస్తీయు కఱ్ఱసామును నేర్చు బాలురు దీనిని గుర్తింపవలెను. సాములో దెబ్బ తగిలి చోటు కమిలి వాచినచో, సాము మాని, ఆ యవయవమును దిండుపై ఎత్తి యుంచి, చన్నీట తడిపిన గుడ్డను పావుగంటసేపు వేయవలెను. దినమున పలుమాఱు లిట్లు చేయవచ్చును. మొదటి రెండు దినములు మర్దనయు వేడికాపడమును కూడదు. అవి వాపును హెచ్చించును. వాపు తగ్గిన పిమ్మట గోరువెచ్చని కాపడము హితము. చర్మము చిట్లినచోట సున్నముపట్టు వేయరాదు. కాలు మోపలేకున్నను, ఎముక వంకర తోచినను, తిమ్మిరి కలిగినను, చీము పట్టినను వైద్యుని చూడవలెను.

దేహమును కాపాడుకొనుటయు బలసాధనలో భాగమే. ఆ మల్లుని స్మరించువారు దీనిని మఱువరాదు.