ఏ.ఎస్. రావు అంటే ఏరియా పేరు మాత్రమే కాదు

ఏ.ఎస్. రావు నగర్ అంటే మనలో చాలామందికి షాపింగ్, టిఫిన్ సెంటర్లు, ఈసీఐఎల్ వైపు వెళ్లే బస్సులు. కానీ ఆ పేరు వెనక ఉన్న మనిషి గురించి ముఖ్యంగా మన ఈసీఈ వాళ్లం తెలుసుకోవాలి. అందుకే ఈ నెల ఆయన గురించి రాస్తున్నాను.

పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు. 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. అల్లూరి సీతారామరాజు కుటుంబానిది కూడా అదే ఊరు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. తర్వాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చేశారు. అక్కడే ఉండిపోకుండా బొంబాయి వచ్చి, హోమీ భాభా దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్‌లో కాస్మిక్ కిరణాల పరిశోధనలో చేరారు.

అప్పట్లో పరికరం కావాలంటే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టే రోజులు కావు. విదేశాల నుంచి తెప్పించాలంటే డాలర్లు కావాలి, లైసెన్సు కావాలి, నెలల తరబడి ఎదురుచూడాలి. ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నడిపిన రావుగారు, కావలసినవి మనమే చేసుకుందాం అన్న దారి పట్టారు. 1956 ఆగస్టులో మొదలైన అప్సర రియాక్టర్ కంట్రోల్ సిస్టమ్ అలా ఇక్కడే తయారైంది.

1962 చైనా యుద్ధం ఎలక్ట్రానిక్స్‌లో మనమెంత వెనకబడ్డామో చూపించింది. మరుసటేడు ప్రభుత్వం భాభా అధ్యక్షతన కమిటీ వేసింది. అందులో రావుగారు, ఇంకో తెలుగు శాస్త్రవేత్త సూరి భగవంతం, విక్రమ్ సారాభాయ్ ఉన్నారు. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో చనిపోయారు. అయినా పని ఆగలేదు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నిలబెట్టింది రావుగారే. కొద్ది ఏళ్లలోనే అక్కడి నుంచి టీడీసీ-12 కంప్యూటర్ వచ్చింది. ఆ తర్వాత టీడీసీ-316, ఇళ్లలోకి ఈసీ టీవీ.

ల్యాబ్‌లో ఒకటి చేయడానికీ, ఫ్యాక్టరీలో వంద చేయడానికీ ఉన్న తేడా ఎంతో నాకు మాదాపూర్‌లో ఇంటర్న్‌షిప్ చేసినప్పుడు తెలిసింది. పీసీబీ ఫ్యాబ్రికేటర్లతో మాట్లాడే పని నాది. శాంపిల్‌గా చేయించిన ఐదు బోర్డులూ చక్కగా పనిచేశాయి. అదే డిజైన్‌తో 200 చేయిస్తే కొన్ని టెస్టింగ్‌లోనే పోయాయి. ప్యాడ్ 0.5 మిల్లీమీటర్లు, రంధ్రం 0.3. అంటే చుట్టూ మిగిలే రాగి ఉంగరం 0.1 మాత్రమే. డ్రిల్ అంతకు మించి పక్కకి జరిగితే రంధ్రం ప్యాడ్ అంచు దాటేస్తుంది. స్క్రీన్ మీద అది ఎప్పుడూ సరిగ్గా మధ్యలోనే ఉంటుంది మరి! ఫ్యాబ్రికేటర్ దగ్గర డ్రిల్ చూసుకునే అన్న మైక్రోస్కోప్ కింద చూపిస్తేగానీ విషయం అర్థం కాలేదు. ప్యాడ్ పెంచాక తర్వాతి బ్యాచ్ బాగా వచ్చింది.

ఇప్పుడు ఫైలు పంపితే ఏ దేశంలోనైనా బోర్డు చేసి ఇస్తారు. రావుగారి తరానికి ఆ వీలు లేదు. డిజైన్ చేసేవాళ్లు, తయారుచేసేవాళ్లు, టెస్ట్ చేసేవాళ్లు అందరినీ ఈ ఊళ్లోనే తయారుచేసుకోవాల్సి వచ్చింది. పద్మశ్రీ, భట్నాగర్ పురస్కారం, పద్మభూషణ్ ఆయనకు వచ్చాయి. కానీ నా లెక్కలో అసలు సంపాదన, ఆ గేటు లోపల పని నేర్చుకున్న మనుషులే.

2003 అక్టోబరులో రావుగారు కన్నుమూశారు. అప్పటికే సైబర్ టవర్స్‌కి ఐదేళ్లు. హైటెక్ సిటీ అంటే సాఫ్ట్‌వేర్ అన్న మాట స్థిరపడిపోయింది. మనలో ఎక్కువమంది వెళ్లేదీ అటే, అందులో తప్పేమీ లేదు. కానీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి బోర్డు చేయించేవాళ్లు ఫైలు మెయిల్ చేసి ఊరుకోకండి. ఒక్కసారి ఫ్యాబ్రికేటర్ దగ్గరికి వెళ్లి, మీ డిజైన్‌లో ఏది చేయడం కష్టమో అడగండి. ఆ అరగంటలో నేర్చుకునేది సిలబస్‌లో లేదు.