సుడిగాలి లెక్కలు, బోలు గోళాలు: హెల్మ్‌హోల్ట్జ్ జీవితం

హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ 1821లో ప్రష్యాలోని పోట్స్‌డామ్‌లో ఒక ఉపాధ్యాయుని ఇంట జన్మించారు. భౌతికశాస్త్రంపై మక్కువ ఉన్నా, చదివించే స్తోమత తండ్రికి లేదు. ప్రభుత్వ ఖర్చుతో వైద్యం చదివి, ఆ రుణం తీర్చేందుకు సైనిక వైద్యునిగా చేరారు. 1847లో, ఆ కొలువులో ఉండగానే, శక్తి నిత్యత్వ నియమంపై రాసిన వ్యాసాన్ని పేరున్న పత్రిక తిరస్కరించింది. ఆయన దానిని చిన్న పుస్తకంగా వెలువరించారు. కంటి వైద్యులకు ఆఫ్తాల్మోస్కోప్ అందించిందీ ఆయనే.

1858లో ప్రవాహాల్లోని సుడులకు గణిత సూత్రాలు రూపొందించారు. సంగీత స్వరాలను విడదీసి వినేందుకు ఇరుకు మెడ గల బోలు గోళాలను వాడారు. మెడలోని గాలి బరువులా, లోపలి గాలి స్ప్రింగులా పనిచేసి ఒక్క స్వరానికే గట్టిగా స్పందిస్తాయి. 1894లో హెల్మ్‌హోల్ట్జ్ కన్నుమూశారు.

గోడను ఒరుసుకుపోయే గాలిలోని అలజడిని, విద్యుత్తు అవసరం లేకుండా, అటువంటి సూక్ష్మ అనునాదకాలతో అదుపు చేసేందుకు నేడు ఇంజినీర్లు ప్రయత్నిస్తున్నారు.