సలాబత్ జంగ్

అసఫ్ జాహీ వంశస్థాపకుడైన నిజాముల్ ముల్క్ కుమారులలో మూడవవాడు సలాబత్ జంగ్. 1718లో జన్మించినాడు. 1748లో తండ్రి గతించగానే దక్కనులో వారసత్వ కలహం రేగినది. అన్న నాసిర్ జంగ్ ఆంగ్లేయులను, మేనల్లుడు ముజఫర్ జంగ్ ఫ్రెంచివారిని చేరదీసినారు. ఇద్దరూ స్వల్పకాలంలోనే హతులైనారు. 1751లో రాయచోటి ప్రాంతాన ముజఫర్ కూలినపుడు, అదే శిబిరంలో బందీగానున్న సలాబత్ జంగును ఫ్రెంచి సేనాని బుస్సీ సుబేదారుగా నిలిపినాడు. చెర విడిపించిన చేతికి ఆయన కడవరకు ఋణగ్రస్తుడే అయినాడు.

ఆ ఋణం మాటవరసకు కాదు. ఫ్రెంచి పటాలానికి జీతాలు బకాయి పడగా, 1753లో ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను వారి ఖర్చుల కింద వ్రాసి యిచ్చినాడు. ముస్తఫానగరు అనగా మన కొండపల్లియే. కృష్ణాతీరపు రైతు చెల్లించిన శిస్తు ఇక పరదేశపు సిపాయి జీతమైనది. 1756లో దివాను షానవాజ్ ఖాన్ సలహాపై బుస్సీని కొలువునుండి తొలగించి, ఆంగ్లేయుల సైన్యాన్ని కోరినాడు. ఒక పరాయిని పంపుటకు మరొక పరాయిని పిలుచుట గమనింపదగినది. కలకత్తా పతనంతో ఆ సాయం రాలేదు. బుస్సీ హైదరాబాదులోని చార్ మహల్‌లో నిలిచి, మచిలీపట్నం నుండి బలగం రాగానే నవాబును తిరిగి వశం చేసుకొన్నాడు.

పై సంవత్సరమే సర్కారులలో ఘోరం జరిగినది. విజయనగర బొబ్బిలి సంస్థానాల పాతకక్షలో బుస్సీ విజయనగరం పక్షం వహించగా, 1757 జనవరి 24న ఫ్రెంచి ఫిరంగులకు బొబ్బిలి కోట బూడిదైనది. తాండ్ర పాపారాయుడు విజయరామరాజును వధించి పగ తీర్చుకొన్నాడు. రాజు వారసుడైన ఆనందరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. ఆయన బెంగాలు నుండి ఆంగ్లేయులను రప్పించినాడు. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడినారు. ఐరోపాలో రాజుల మధ్య సాగుతున్న యుద్ధం ఈ విధంగా గోదావరి దాటి కృష్ణ ఒడ్డుకు వచ్చినది.

మచిలీపట్నం కోటను కర్నల్ ఫోర్డు ముట్టడించగా, ఫ్రెంచివారిని ఆదుకొనుటకు సలాబత్ జంగ్ పెద్ద సేనతో మన బెజవాడ చేరినాడు. నాలుగైదు రోజుల నడక దూరంలో ఆ సేన ఉండగానే, 1759 ఏప్రిల్ 7 రాత్రి ఆంగ్లేయులు బురదనేలల మీదుగా దాడిచేసి కోట పట్టినారు. యుద్ధం చేయవచ్చిన నవాబు మే 14న సంధి వ్రాసినాడు: మచిలీపట్నం, నిజాంపట్నం సీమలు ఆంగ్లేయులకు, ఫ్రెంచివారికి దక్కనులో కొలువు లేదు. తమ్ముడు నిజాం అలీ అప్పటికే హైదరాబాదును ఆక్రమింప యత్నిస్తున్నాడు. అతనిపైకి సైన్యం కావలెనని నవాబు కోరగా ఫోర్డు నిరాకరించినాడు. ఆయన తప్పు పిరికితనమని కొందరందురు. నాకు తోచినంతవరకు, తనదైన సేనను ఒక్కనాడైనను కూర్చుకొనకపోవుటే ఆయన తప్పు.

1762లో నిజాం అలీ ఆయనను పదవీచ్యుతుని చేసి బీదరు కోటలో బంధించినాడు. మరుసటి ఫిబ్రవరిలో పారిస్ నగరాన ఆంగ్లేయులు, ఫ్రెంచివారు సంధి చేసుకొని, పదకొండవ షరతులో సలాబత్ జంగును దక్కనుకు న్యాయమైన సుబేదారుగా ఉభయులూ అంగీకరించినారు. ఆ సెప్టెంబరులో బీదరు చెరలోనే ఆయన హత్యకు గురియైనాడు.