తల్లియు పంతులమ్మయునైన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు

మన పాఠశాలకు వచ్చు పిల్లలలో అనేకులు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు వీధులవారు. వారి యిండ్లలో ఎవరికైన జబ్బు చేసినప్పుడు నల్లకుంట దాటి, విద్యానగరులోని దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రికి పోవుట కద్దు. ఆ పేరు ఎవరిదని మేము తరగతిలో అడుగగా, ఒక బాలుడు ఆమె గొప్ప వైద్యురాలనెను. ఒక బాలిక ఆమె మహారాష్ట్ర దేశపు రాణియై యుండవచ్చుననెను. ఇరువురును పొరపడిరి. ఆమె మన తెలుగింటి ఆడపడుచు. పండ్రెండేండ్లు నిండీ నిండని ప్రాయమున పంతులమ్మయైన పిల్ల. అందుచేత ఈ సంవత్సరపు సంచికలో ఆమె చరిత్రము వ్రాయ సంకల్పించితిమి.

దుర్గాబాయిగారు 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి బెన్నూరి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. ఎనిమిదవ యేట ఆమెకు పెండ్లి చేసిరి. ఆ కాలమున అది వింతగాదు. వింతయైనది ఏమన, యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఆమె భర్తతో కాపురము చేయుట తనకు ఇష్టము లేదనియు, ఆయన వేరొకతెను వివాహమాడవచ్చుననియు స్వయముగా తెలియజేయుట. తండ్రియు సోదరుడును ఆమెను గద్దింపక ఆమె పక్షమున నిలుచుట. ఆ దినములలో బంధువుల నోళ్లకు వెరవక కూతురి మాటకు విలువనిచ్చిన ఆ తండ్రిని మేము మిక్కిలి గౌరవింతుము.

సహాయనిరాకరణోద్యమపు దినములలో ఆమె ఇంగ్లీషు చదువు వలదని బడి మానెను. (ఇంగ్లీషు బోధించి జీవించు మాబోంట్లము ఈ మాట వ్రాయునప్పుడు చిన్న నవ్వు నవ్వుకొంటిమి.) బడి మానినదే గాని చదువు మానలేదు. హిందీ నేర్చికొని, నేర్చినదానిని తనయొద్దనే ఉంచుకొనక, బాలికా హిందీ పాఠశాల స్థాపించి, తన కంటె పెద్దవారైన స్త్రీలకు అక్షరములు దిద్దించెను. తల్లియు ఆమెకు తోడై నిలిచెను. పావడా కట్టుకొని, జడ వేసికొనిన చిన్నది ఎదుట కూర్చుండ, ఇల్లాండ్రు ఆమెకు పాఠమప్పగించుట ఊహించికొనుడు.

1921లో గాంధీగారు కాకినాడకు వచ్చినప్పుడు ఆమెకు ఒక కోరిక పుట్టెను. సభలకు రాజాలని దేవదాసీలును, ఘోషా పాటించు ముసల్మాను స్త్రీలును ఆయనను దర్శింపవలెను. ఏర్పాట్లు చూచువారు అయిదువేల రూపాయల నిధి సమకూర్చినగాని సమయమియ్యమనిరి. దుర్గాబాయి ఆ స్త్రీల సహాయముతోనే ఆ సొమ్మును పోగుచేసెను. కొలది నిమిషములకై వచ్చిన గాంధీగారు అరగంటకు పైగా నిలిచి మాటలాడిరి. వినుచున్న స్త్రీలు తమ నగలు తీసి ఆయన కిచ్చిరి. ఆ ప్రసంగమును తెలుగు చేసినది ఆ బాలికయే.

రెండేండ్లకు కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగెను. ప్రదర్శనశాల ద్వారమున స్వచ్ఛంద సేవికగా నిలిచిన ఆమె, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారిని లోనికి పోనియ్యలేదు. పెద్దలు కంగారుపడి టిక్కెట్టు తెచ్చియిచ్చిన తరువాతనే త్రోవ విడిచెను. నెహ్రూగారు కోపింపక మెచ్చికొనిరి. ఈ కథ మన పిల్లలకు చాల ఇష్టము. అయినను ఆమె జీవితములో దీనికంటె గొప్పవి వేరే కలవు.

అందులో మొదటిది చెరసాలలో జరిగినది. 1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని ఆమె ఖైదు చేయబడెను. తరువాతను జైలుకు పోయెను. మధుర జైలులో ఏకాంతవాసమును అనుభవించెను, దేహము శిథిలమయ్యెను. అక్కడ హత్యానేరము మోపబడిన స్త్రీలను చూచెను. వారిలో కొందరు, చదువు రాక, ఏమి వ్రాసియున్నదో తెలియకయే కాగితముపై వేలిముద్ర వేసి శిక్ష కొనితెచ్చుకొన్నవారు. ఆమె హృదయము అప్పుడు మారెను. విడుదలయైన పిదప రాజకీయములను కట్టిపెట్టి, బడి మానిన ఆ పిల్ల ఇరువదియేండ్లు దాటిన వయస్సున మరల పుస్తకము పట్టెను. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు ఇంటనే చదివి కూర్చుండెను.

పిమ్మట వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు పోయెను. ఆడపిల్లలకు వసతిగృహము లేదు గనుక చేర్చుకొనజాలమని ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు చెప్పిరి. మరియొకతెయైనచో కన్నీరు తుడుచుకొని ఇంటికి మరలును. ఆమె పత్రికలలో ప్రకటన వేయించి, వసతి లేక చదువు మానిన బాలికలను పిలిచెను. సుమారు పదిమంది జవాబు వ్రాసిరి. వారందరు కలిసి తామే ఒక వసతిగృహము నెలకొల్పుకొనిరి. ఇక కాదనుటకు కారణము లేకపోయెను. రాజనీతిశాస్త్రమున ఆనర్సు పట్టము పొంది, 1942లో చెన్నపట్టణమున న్యాయవాది పరీక్షయందును ఆమె కృతార్థురాలయ్యెను. నేడు అశోక్‌నగరు సందులలో పరీక్షలకు చదువుకొను ఆడపిల్లల వసతిగృహములెన్నో కలవు. వాటి ముందు నడచునప్పుడెల్ల మాకు వాల్తేరులోని ఆ పదిమంది జ్ఞప్తికి వత్తురు.

మన నగరమున మాడపాటి హనుమంతరావుగారు తెలుగు బాలికలకై పాఠశాల స్థాపించినది 1928లో. నారాయణగూడలోని ఆ బడిని మీరెరుగుదురు. అటు చెన్నపట్టణమున దుర్గాబాయిగారు 1937లో ఆంధ్ర మహిళాసభను ప్రారంభించిరి. బాల్యమున చదువు తప్పిన స్త్రీలు, వితంతువులు, భర్తలు విడిచినవారు అచ్చటికి వచ్చిరి. ఏండ్ల తరబడి చదువదగిన దానిని రెండు సంవత్సరములకు కుదించి చెప్పి, వారిని పరీక్షలకు పంపుట ఆ సభ పద్ధతి. తరువాత కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఈ పద్ధతినే దేశమంతట వ్యాపింపజేసెను. ఉపాధ్యాయులమైన మాకు ఈ పని ఎంత కష్టమో తెలియును: ముప్పది యేండ్ల స్త్రీ పలక పట్టుకొని కూర్చుండినప్పుడు ముందు ఆమె సిగ్గును పోగొట్టవలెను, తరువాత అక్షరము.

ఇక పదవుల మాట క్లుప్తముగా చెప్పెదము. రాజ్యాంగ సభలో సభ్యురాలు. 1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలు. 1953లో స్థాపింపబడిన సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు. 1958లో నియమింపబడిన జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు అధ్యక్షురాలు. 1975లో పద్మవిభూషణ బిరుదము వచ్చెను. కుటుంబ వివాదములకు ప్రత్యేక న్యాయస్థానములుండవలెనని ఆమె చాలకాలము వాదించిరి. ఆ చట్టము 1984లో, ఆమె పోయిన పిదప, వచ్చెను.

1953 జనవరి 22వ తేదీన ఆమె ఆనాటి ఆర్థికమంత్రియైన చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడిరి. బిడ్డలు కలుగలేదు. అట్లయిన తల్లి యనుట ఎట్లని మీరడుగవచ్చును. ఒక్క సంగతి చెప్పెదము. ఆమె మొదటి భర్త మరియొకతెను పెండ్లాడి, 1941లో మరణించెను. దిక్కులేని ఆ రెండవ భార్యను దుర్గాబాయిగారు తన యింట చేర్చుకొని, చేతిపని నేర్పించి, తన కాళ్లపై నిలువబడునట్లు చేసిరి. లోకము సవతి యని పిలుచు స్త్రీని ఆమె చూచినది అట్లు. ఈ సంగతి చదివిననాడు మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి.

అవసానకాలమున ఆ దంపతులు మన హైదరాబాదుననే, విద్యానగరులో రచన యను తమ యింట నివసించిరి. ఆంధ్ర మహిళాసభ శాఖలు ఇచ్చటను వెలసెను: ఆసుపత్రి, స్త్రీల కళాశాల, వయోజన విద్యకై అక్షరాస్యతా భవనము. 1981 మే 9వ తేదీన దుర్గాబాయిగారు కన్నుమూసిరి. దేశ్‌ముఖ్ గారు మరుసటి సంవత్సరము అక్టోబరు 2వ తేదీన ఆమెను వెన్నంటిరి. నారాయణగూడనుండి బర్కత్‌పుర మీదుగా విద్యానగరు ఎంతో దూరము లేదు. వచ్చు సెలవులలో పెద్దతరగతుల పిల్లలను వెంటబెట్టుకొని అక్కడికి నడచిపోవ నిశ్చయించితిమి. రాదలచినవారు తలిదండ్రుల అనుమతి చీటీ తేవలెను.