ఫ్రాన్స్వా ఎడ్మండ్ పారిస్

ఫ్రాన్స్వా ఎడ్మండ్ పారిస్ (మార్చి 2, 1806 - ఏప్రిల్ 8, 1893) ఫ్రెంచి నౌకాదళ అధికారి, ఆవిరి నౌకల నిపుణుడు, గ్రంథకర్త. ఆసియా, పసిఫిక్ దీవులు, అమెరికా తీరాలలోని ప్రజలు నిర్మించుకొన్న పడవలను స్వయంగా కొలిచి, చిత్రించి, వాటికి నమూనాలు చేయించి భద్రపరచాడు. సాంప్రదాయిక పడవల అధ్యయనానికి ఈయనను ఆద్యునిగా పరిగణిస్తారు. నౌకా నమూనాలు తయారుచేసే అభిరుచి గలవారికి ఈయన ప్రచురించిన నిర్మాణ పటాలు నేటికీ ఆధారం.

తొలి జీవితం

ఈయన పారిస్ నగరంలో జన్మించాడు. చిన్న వయసులోనే అంగులేమ్ పట్టణంలోని నౌకా విద్యాలయంలో చేరాడు. ఆ పట్టణం సముద్రానికి దూరంగా ఉన్నది. అక్కడ చదువు ముగించుకొని నౌకాదళంలో ప్రవేశించిన పారిస్, చిత్రలేఖనంలోను, కొలతల పనిలోను ప్రావీణ్యం సంపాదించాడు. తరువాతి జీవితమంతటికీ ఈ రెండు విద్యలే పునాది అయినాయి.

సముద్రయాత్రలు

పారిస్ మూడు సుదీర్ఘ యాత్రలలో పాల్గొన్నాడు. మొదటిది దుమోన్ ద్యుర్విల్ నాయకత్వంలో ఆస్ట్రోలాబ్ నౌకపై 1826 నుండి 1829 వరకు సాగింది. అంతకు నలభై ఏళ్ళ క్రితం అదృశ్యమైన లాపెరూజ్ నౌకల శిథిలాలను ఈ బృందం 1828లో వనికోరో దీవి వద్ద పరిశీలించింది. రెండవ యాత్ర సిరిల్ లాప్లాస్ నాయకత్వంలో ఫావొరీత్ నౌకపై జరిగి 1832లో ముగిసింది. మూడవది అదే నాయకునితో ఆర్తెమీజ్ నౌకపై 1837 నుండి 1840 వరకు జరిగింది.

ఈ యాత్రలలో నౌక రేవులో ఆగినప్పుడల్లా పారిస్ ఒడ్డుకు వెళ్ళి స్థానికుల పడవలను పరీక్షించేవాడు. పొడవు, వెడల్పు, లోతు కొలిచి, పలకలను ఎట్లు కలిపారో, తెరచాపను ఎట్లు కట్టారో, చుక్కానిని ఎక్కడ అమర్చారో నమోదు చేసేవాడు. ఆ పడవల నిర్మాతలు కాగితంపై పటాలు గీసేవారు కారు. కొలతలన్నీ వారి చేతులలోను, జ్ఞాపకంలోను ఉండి తండ్రి నుండి కొడుక్కు సంక్రమించేవి. ఆ వృత్తిని విడిచిపెట్టిన తరంతోనే ఆ విద్య కూడా అంతరించే ప్రమాదం ఉండేది.

మూడవ యాత్రలో దక్షిణ భారత తీరానికి వచ్చినప్పుడు పోర్టోనోవో (పరంగిపేట) లోని ఇనుప కర్మాగారాన్ని చూడటానికి వెళ్ళిన పారిస్ ఎడమచేయి యంత్రపు పళ్ళ చక్రాలలో పడి నలిగిపోయింది. చేతిని తొలగించవలసి వచ్చింది. అయినను ఆయన నౌకాదళాన్ని గాని, చిత్రలేఖనాన్ని గాని విడువలేదు. ఆ తరువాత ఆయన చేసిన కృషి అంతా ఒంటిచేతితో చేసినదే.

కోరమాండల్ తీరపు పడవలు

పారిస్ వర్ణించిన వాటిలో భారతదేశపు తూర్పు తీరపు కట్టుమరం, మసూలా పడవ ముఖ్యమైనవి. కట్టుమరం అనగా దుంగలను తాళ్ళతో కలిపి కట్టిన తెప్ప. మసూలా పడవలో ఇనుప మేకులు ఉండవు. పలకలకు రంధ్రాలు చేసి కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. లోపల పక్కటెముకల వంటి వంపుకొయ్యలు కూడా ఉండవు. మేకులతో బిగించిన పడవ ఒడ్డున విరిగే పెద్ద అలల తాకిడికి పగిలిపోయేది. కుట్టిన పడవ మాత్రం కొంత వంగి, దెబ్బను సహించి ఒడ్డు చేరేది. ఆంధ్ర, ఒడిశా తీరాలలోని జాలరులు కూడా ఇట్టి కుట్టు పడవలను వాడేవారు. ఇరవయ్యవ శతాబ్దం చివరి దశాబ్దాలలో వీటి స్థానాన్ని చాలావరకు ఫైబరు పడవలు ఆక్రమించాయి.

రచనలు

యాత్రల ఫలితాలను పారిస్ 1840వ దశకం తొలినాళ్ళలో ఐరోపాయేతర ప్రజల నౌకానిర్మాణం గురించిన బృహద్గ్రంథంగా వెలువరించాడు. బొన్నెఫూతో కలిసి తెరచాప నౌకలు, ఆవిరి నౌకల పదకోశాన్ని రచించాడు. నౌకను నడిపే మరచక్రం గురించి కూడా గ్రంథం వ్రాశాడు. 1840వ దశకంలో ఆర్కిమెడ్ అను ఆవిరి నౌకకు అధిపతిగా తూర్పు ఆసియాకు వెళ్ళాడు. ఆవిరి యంత్రాన్ని ఇంతగా ఎరిగినవాడు కనుకనే, తెరచాప పడవలకు కాలం చెల్లుతున్నదని ఆయన ముందుగా గ్రహించగలిగాడు. 1863లో ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీ సభ్యుడైనాడు. 1864లో వైస్ అడ్మిరల్ పదవి పొందాడు.

నౌకా ప్రదర్శనశాల

1871లో పారిస్ లూవ్ర్ భవనంలోని నౌకా ప్రదర్శనశాలకు సంరక్షకుడై, మరణించే వరకు ఆ పదవిలో కొనసాగాడు. యౌవనంలో గీసిన పటాల ఆధారంగా అక్కడి పనివారిచేత అనేక పడవల నమూనాలను చేయించాడు. ఫ్రెంచి ఓడలతో పాటు చైనా, మలయా, భారతదేశం, పసిఫిక్ దీవుల పడవలకు కూడా అక్కడ స్థానం లభించింది. జాలరి తెప్పకు, యుద్ధనౌకకు ఒకే శ్రద్ధతో నమూనా చేయించడం ఆయన ప్రత్యేకత.

1882 నుండి సువెనీర్ ద మరీన్ అను పేర పాత నౌకల నిర్మాణ పటాలను సంపుటాలుగా ప్రచురించాడు. చివరి సంపుటం ఆయన మరణానంతరం 1908లో వెలువడింది.

నమూనాల తయారీలో ప్రాముఖ్యం

నౌకా నిర్మాణ పటంలో సాధారణంగా మూడు దృశ్యాలు ఉంటాయి. ప్రక్క నుండి చూచినది, పై నుండి చూచినది, అడ్డంగా కోసి చూచినది. ఈ మూడూ ఉన్నచో నౌకను చూడని వ్యక్తి కూడా దాని ఆకారాన్ని తిరిగి నిర్మించగలడు. 1:100 ప్రమాణంలో 30 మీటర్ల నౌక 30 సెంటీమీటర్లు అవుతుంది. 1:50 ప్రమాణంలో 60 సెంటీమీటర్లు అవుతుంది. పెట్టెలో కోసి ఇచ్చిన భాగాలతో నమూనా కూర్చే కిట్‌లకు మూలం కూడా ఇట్టి పటమే. కిట్ లేకుండా సొంతంగా కొయ్య చెక్కి చేసేవారు నేరుగా పటాలనే అనుసరిస్తారు. పునర్ముద్రణ పొందిన పారిస్ పటాలు వీరికి ఎంతో ఉపయోగపడుతున్నాయి.

స్మరణ

నౌకా ప్రదర్శనశాల 1943లో లూవ్ర్ నుండి షైయో ప్రాసాదానికి తరలింది. 2010లో అక్కడ పారిస్ కృషిపై ప్రత్యేక ప్రదర్శన జరిగింది. మరమ్మతుల కొరకు మూసివేసిన ఈ ప్రదర్శనశాలను 2023లో తిరిగి తెరిచారు. పారిస్ కొలిచిన పడవలలో అనేకం ఏ రేవులోను నేడు కానరావు. ఆయన గీసిన పటాలు, చేయించిన నమూనాలే వాటికి మిగిలిన ఆనవాళ్ళు.